గంప కింది అడుగు

మా వదిన పోయింది. బుధవారం పొద్దున అని ఇంట్లో అందరూ చెబుతున్నారు. ఫోను చేసి అడిగిన చుట్టాలకు నేనూ అదే చెప్పాను. డాక్టరు కాగితంలో కూడా అదే ఉంది. కాని నాకు తెలిసి ఆమె ఆదివారమే పోయింది. అట్లా ఎందుకు అంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. ఫౌజులో ఉన్నప్పుడు ఇంటికి కార్డులు రాయడమే గాని ఇంత పెద్దగా ఎన్నడూ రాయలేదు. తప్పులుంటే చదివేవారు సర్దుకోవాలి.

మా ఊరు కాజీపేటకు నాలుగు మైళ్లు. వదిన మా ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు, నాకు ఎనిమిది. మరుసటి ఏడే మా అమ్మ పోయింది. నాకు తలకు పోసిందీ, బడికి తోలిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ వదినే. ఎక్కువ మాట్లాడేది కాదు. నేనూ అంతే. మా ఇద్దరి మధ్య ఒక పూటంతా నాలుగు మాటలతో గడిచిపోయేది.

మా అన్న డోర్నకల్‌లో రైలు పట్టాల గ్యాంగులో పనిచేసేవాడు. శనివారం వచ్చి సోమవారం పొద్దున్నే పోయేవాడు. యాభై ఎనిమిదిలో ఒక శనివారం రాలేదు. పనిలో ఉండగానే ప్రాణం పోయిందని ఆదివారం మనిషి వచ్చి చెప్పాడు. అప్పుడు వదినకు ఇరవై నాలుగేళ్లు, పిల్లలు లేరు. దినాలు అయిపోయాక ఆమె అన్న పెట్టె తెరిచింది. ఏ కాగితం దేనిదో ఆమెకు తెలియదు. అన్న ఎన్నడూ చెప్పలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు. తర్వాత తెలిసింది ఏమిటంటే, అన్న పెళ్లికి ముందే ఉద్యోగంలో చేరాడు. వారసుల చోట అమ్మ పేరు రాయించాడు, మళ్లీ మార్పించలేదు. అమ్మ లేదు. వదిన ఉంది గాని కాగితంలో లేదు. ఆమెకు రావలసింది ఆమెకు రావడానికి మూడేళ్లు పట్టింది. ఎన్నిసార్లు రైలెక్కి పోయిందో లెక్కలేదు. ఒకసారి తిరిగి వచ్చి చెప్పులు విడుస్తూ, "నేను ఎదురుంగ నిలవడ్డ గూడ వాళ్లకు కనబడుత లేను పిల్లగా," అన్నది. నన్ను చివరిదాకా పిల్లగా అనే పిలిచింది.

అప్పటినుంచి ఇంట్లో ఏ కాగితం వచ్చినా దానికి ఒక గుర్తు పెట్టేది. చదువు రాదు కదా. భూమి కాగితం మూలకు పసుపు రాసేది. సర్కారు డబ్బుల కాగితానికి మసి. అన్నీ ఒక పాత చీర ముక్కలో మూటగట్టి కుండలో పెట్టేది. వాన పడ్డా, పెళ్లి ఉన్నా, నెలకొకసారి ఆ మూట విప్పి చూసేది.

నేను యాభై తొమ్మిదిలో ఫౌజులో చేరాను. అదే ఏడు పెళ్లయింది. మరుసటి ఏడు బిడ్డ పుట్టింది. అరవై రెండులో, దసరా పోయాక, మా పటాలం ఉత్తరాన మంచు కొండల సరిహద్దుకు పోవాలని హుకుం వచ్చింది. ఇల్లు చక్కబెట్టుకొని రమ్మని వారం రోజుల సెలవు ఇచ్చారు. అందరూ ఇంటికి పోయి ఏం చక్కబెట్టారో నాకు తెలియదు. నేను మాత్రం వచ్చి రెండు రోజులు అరుగు మీద కూర్చున్నాను. నా ఇంటామెకు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఊరి బయటకు ఒంటరిగా పోయి ఎరగదు. చెరువు కింద మాకు రెండెకరాలు. పక్క పొలం మా పాలివాడైన, అంటే దాయాదైన ఒక పెద్దాయనది. నాకు పెదనాయిన వరుస. ప్రతి వానాకాలం మా గట్టును ఒక సాలు లోపలికి జరిపేవాడు. నేను రాకపోతే ఆ రెండెకరాలు, ఈ ఇద్దరు మనుషులు ఏమవుతారన్నదే నా గుబులు. నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు.

వదిన శనివారం మాపు నా పక్కన వచ్చి కూర్చున్నది.

"నీ కాయితంల ఎవల పేరు రాసినవ్?" అని అడిగింది.

"నీ పేరే వదినె," అన్నాను. చేరేనాటికి నాకు పెళ్లి కాలేదు. ఆమె సంతోషపడుతుందనుకున్నాను.

ఆమె నా వైపు తిరిగి కూర్చున్నది. తర్వాత, "మీ అన్న చేసిన పనే చేసినవ్," అన్నది. "సికింద్రాబాదుల దిగంగనే నా పేరు కొట్టేపియ్యి. నీ పెండ్లాం పేరు రాపియ్యి. రాపిచ్చినంక నాకు కార్డు రాయి. పెండ్లాం పేరు చెప్పనీకి సిగ్గయితే ఏంజేస్తవ్?"

"కాయితం మీద రాసి చూపిస్త."

"మంచిగనే ఉన్నది," అని లేచింది. లేచి నిలబడి, నేను ఇప్పటికీ మరిచిపోలేని మాట అన్నది. "నువ్వు బుధారం పోతవ్. కని రేపు ఐతారమే పోవాలె. మూడు దినాలు నువ్వు ఇంట్ల ఉంటవ్ గాని ఉండవ్. నువ్వు లేకుంటే ఈ ఇల్లు ఏడ ఆగుతదో నేను చూడాలె. మీ అన్నప్పుడు చూసుకోలే."

ఆదివారం తెల్లవారి నేను ఖాకీ బట్టలు, బూట్లు వేసుకొని పెట్టె నెత్తిన పెట్టుకున్నాను. వాకిలి అప్పుడే చల్లి తడిగా ఉంది. ఇంటామె బిడ్డను ఎత్తుకొని గడపలో నిలబడి నిజంగానే ఏడ్చింది. వదిన భర్త లేని మనిషి కనుక ఎదురు రాలేదు, వెనక నుంచి వాకిలి ముందరి తడక దాకా వచ్చింది. వాడ వాళ్లంతా చూశారు. "పోయిరా బిడ్డా," అన్నారు. పాలి పెద్దాయన కూడా తన అరుగు మీది నుంచి చెయ్యెత్తాడు. నేను ఊరు దాటి, జొన్న చేన్ల వెంట చుట్టు తిరిగి, ఇంటి వెనక దొడ్డి తలుపులోంచి లోపలికి వచ్చాను. ఎవరూ నన్ను చూడలేదు. లోపల ఉన్నవాళ్లు కూడా చూడలేదు.

వదిన అప్పటికే తడక దగ్గర నా బూటు అడుగు ఒకదాని మీద గంప బోర్లించింది. మనిషి ఊరికి పోయిననాడు ఇల్లూ వాకిలీ ఊడ్వరు కదా, పోయిన అడుగులు చెరిపితే తిరిగి రాడని. ఆనాడు మా ఇంట్లో చీపురు పట్టలేదు.

నన్ను వడ్లు పోసే గరిసె పక్కన చీకటి మూలకు కూర్చోమన్నారు. కూర్చోమన్నది ఆఖరు మాట. అన్నం పళ్లెం నా ముందు పెట్టేవారు, కాని పెట్టే చెయ్యి నన్ను చూసేది కాదు. ఇంటామె నా ముందు నుంచి చాటతో బియ్యం పట్టుకొని పోయేది. చీర కొంగు నా మోకాలికి తగిలేది. ఆగేది కాదు. బిడ్డకు రెండేళ్లు. మొదటి పూట నా దగ్గరికి ఉరికి వచ్చింది. వదిన ఎత్తుకొని పోయి, "మీ నాయిన ఊరికి పొయ్యిండు," అన్నది. ఇట్లా నాలుగైదు సార్లు. మాపటికి బిడ్డ నా వైపు రావడం మానేసింది. తర్వాత చూడడం మానేసింది. రెండేళ్ల బిడ్డ అంత తొందరగా నేర్చుకుంటుందని నేను అనుకోలేదు.

సోమవారం పొద్దున వదిన కావాలనే పొలం పోయింది. ఆమె పోయిన కాసేపటికి బిడ్డకు ఒళ్లు కాలింది. కళ్లు తేలేసింది. ఇంటామె బిడ్డను ఒళ్లో పెట్టుకొని తడిబట్ట వేసింది, తీసింది, మళ్లీ వేసింది. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది. నేను లేచాను. సగం లేచాను. ఆమె నన్నే చూస్తూ, మెల్లగా ముఖం తిప్పుకున్నది. వదిన లేదు అక్కడ, చెప్పేవారు లేరు. తనకు తానే తిప్పుకున్నది. బిడ్డను భుజాన వేసుకొని బయటికి పోయింది. వాడ చివర ఎవరినో పిలవడం వినబడింది.

"కాకా, బండి వరంగల్ పోతాందా? దవాఖాన కాడ దింపుతవా?"

"ఎక్కు బిడ్డా. నీ తోటి ఎవలస్తాండ్రు?"

"ఎవ్వలు లేరు. నేనే."

బండి చక్రాల చప్పుడు దూరం పోయింది. ఇంట్లో నేను ఒక్కణ్ణే. కాదు, అప్పటికి నాకు అట్లా కూడా అనిపించలేదు. ఇంట్లో ఎవరూ లేరనిపించింది. నా చేతులు చూసుకున్నాను.

పొద్దు నడినెత్తిన ఉండగా తడక చప్పుడైంది. పాలి పెద్దాయన. "ఎవలున్నరు ఇంట్ల?" అని రెండుసార్లు కేకేశాడు. లోపలికి వచ్చాడు. దేవుని గూటి పక్కనున్న కుండ దగ్గరికి నేరుగా పోయి మూత తీసి చెయ్యి పెట్టాడు. మూట అందులో లేదు. వదిన ముందు రోజే తీసి ఎక్కడో పెట్టింది. ఆయన మూత పెట్టి తిరిగాడు. తిరిగినవాడు నన్ను చూశాడు. పది అడుగులు లేదు. చూపు నా మీదనే ఆగింది. నేను కదలలేదు. ఆయన కొంచెం సేపు అట్లాగే చూసి, తనలో తాను "ఎవ్వలు లేరు" అనుకుంటూ బయటికి పోయాడు.

ఇంటామె పొద్దుగూకే వేళకు వచ్చింది. చేతిలో మందు సీసా, సీసాకు మోతాదు చూపే కాగితపు పళ్లు అతికించి ఉన్నాయి. బిడ్డ నిద్రపోతున్నది. వదిన అప్పటికి పొలం నుంచి వచ్చి ఉంది. ఇంటామె ఆమెతో, "పొద్దుగాల ఒక్క పన్ను, మాపు ఒక్క పన్ను అన్నరక్కా. ఐదు దినాలకు మల్ల రమ్మన్నరు. తొవ్వ నాకు ఎరుకయ్యింది," అన్నది. ఆ మాట నాకు వినబడాలనే గట్టిగా అన్నదేమో.

మంగళవారం వదిన ఆమెను వెంటబెట్టుకొని పట్వారీ దగ్గరికి పోయి భూమి కాగితానికి నకలు తీయించింది. అక్కణ్ణుంచి ఇద్దరూ నేరుగా పాలి పెద్దాయన అరుగు దగ్గరికి పోయారు. నలుగురు కూర్చొని ఉన్నారట. వదిన కొంగు సర్దుకొని, "మా పిల్లగాడు ఫౌజుకు పొయ్యిండు, మామా. ఇగ మాకు మీరే పెద్దదిక్కు. కాయితం నకలు పట్వారీ తాన ఉన్నది, అసలుది మాతాన ఉన్నది. గట్టు ఏడ ఉన్నదో నలుగురికి ఎరుకుంటే మంచిదని చెప్పిపోదామని వచ్చినం," అన్నదట.

ఆయన, "నాకెందుకు చెప్తాన్నవ్ బిడ్డా, నేనేమన్న పరాయోన్నా? నిన్న గూడ మీ మంచిచెడు చూద్దామని వచ్చిన. ఇంట్ల ఎవ్వలు లేరు," అన్నాడట.

ఇంటామె వచ్చి ఈ సంగతి వదినతో మళ్లీ చెప్పుకుంటూ ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరూ గరిసె వైపు తిరగలేదు.

బుధవారం ఇంకా మసక మసకగా ఉండగానే నేను పెట్టె తీసుకున్నాను. ఎవరూ సాగనంపలేదు. పోయినవాణ్ణి మళ్లీ ఎట్లా సాగనంపుతారు? వదిన లోపలి తలుపు వెనక ఉన్నట్టుంది, గాజుల్లేని చెయ్యి ఒకటి తలుపు అంచు మీద కనబడింది. ఇంటామె వాకిలి ఊడుస్తున్నది. నేను ఆమె పక్కనుంచి నడిచాను. చీపురు చప్పుడు తడక దాకా నా వెనకనే వచ్చింది. గంప దగ్గర మాత్రం పక్కకు తిరిగింది.

సికింద్రాబాదులో దిగగానే పేరు మార్పించాను. జీతంలో సగం నెలనెలా ఇంటామె పేరన మనీయార్డరు పోయేటట్టు రాయించాను. వదినకు కార్డు రాశాను.

కొండల మీద ఏం జరిగిందో రాయను. ఒక్కటి రాస్తాను. ఒక రోజు నేనూ ఇంకొకడూ ఒక బండ పక్కన చిక్కుకున్నాం. అవతలివాళ్లు వరుసగా పోతున్నారు. అందులో ఒకడు తిరిగి మా వైపు చూశాడు. నేను గరిసె పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాను. అంతకంటే వేరే చెప్పడానికి లేదు. వాడి చూపు నా మీద ఆగింది. పెద్దాయన చూపు ఆగినట్టే ఆగింది. తర్వాత పోయింది. నా పక్కవాడు లేచాడు. నేను లేవలేదు.

ఎండాకాలంలో ఇంటికి వచ్చాను. ఎడమ కాలు వేళ్లు రెండు చలికి అక్కడే పోయాయి. ఇంటామె నన్ను చూసి కూర్చుండిపోయింది. ఏడుపు ఆగినాక మొట్టమొదట అన్న మాట ఇది: "నువ్వు పొయ్యిననాడు నేను వాకిలి ఊడ్సిన. పొద్దుగాల లేవంగనే చెయ్యి దానంతట అది ఊడ్సింది. యాదికొచ్చేసరికి నువ్వు తొవ్వ మీద లేవు. ఏడు నెలలు అదే ఫికర్. మనీయార్డరు తెచ్చినాయిన తడక కాడ పిలిస్తే గూడ గుండె ఆగుతుండె."

వదిన పొయ్యి ముందు నుంచి, "ఎన్నిమాట్ల చెప్పిన దానికి," అన్నది. "వాడు పోయింది ఐతారం. ఐతారం మనం ఊడ్వలే. బుధారం పోయినోడు ఎవడో నాకెరుక లేదు."

గట్టు ఉన్నచోటనే ఉంది. బిడ్డ బాగుంది. కాని బిడ్డ నన్ను చూడడం లేదు. భయపడితే, ఏడ్చి దాక్కుంటే నాకు అర్థమయ్యేది. అట్లా కాదు. నేను దారిలో కూర్చుంటే బండను దాటినట్టు పక్కనుంచి దాటి పోయేది. పిలిస్తే తల తిప్పేది కాదు. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు వదిన బిడ్డ చెయ్యి పట్టుకొని తడక దగ్గరికి తీసుకుపోయింది. గంప ఇంకా అక్కడే ఉంది. వానలు పోయాయి, చలి పోయింది, ఎవరూ కదిలించలేదు. ఎత్తింది. కింద నా బూటు అడుగు, మేకులతో సహా, నిన్న పడ్డట్టే ఉంది.

"ఇగో, మీ నాయిన ఈడికెల్లి పొయ్యిండు," అని బిడ్డకు చూపించింది. తర్వాత నన్ను పిలిచింది. "కాలు పెట్టు పిల్లగా."

ఎడమ కాలు పెట్టాను. వదులైంది.

"ఇగో, వచ్చిండు. ఇప్పుడు చూడు," అన్నది.

బిడ్డ ముందు కాలు చూసింది. లేని వేళ్ల చోటు ముట్టుకున్నది. మెల్లగా పైకి చూసింది. "ఉన్నడు," అన్నది. అప్పుడు వదిన ఏడవడం చూశాను. అన్న పోయిననాడు కూడా అట్లా చూడలేదు.

నేను ఫౌజు నుంచి వచ్చేశాక ఒకసారి ఆమెను అడిగాను, ఆనాడు పెద్దాయనకు ముందే ఏమన్నా చెప్పి పంపావా అని. మేం అప్పుడు మిరపకాయలు తొడిమలు తీస్తున్నాం.

"నేనేం చెప్పలే," అన్నది.

"మరి నన్నెందుకు చూడలే వదినె?"

"నువ్వు లేవు గద," అన్నది. కాసేపటికి, "నువ్వు లేనప్పుడు ఎవలస్తరో ఎరుకైంది గద, సాలదా?" అన్నది. ఆ పెద్దాయన పోయేదాకా మా ఇంటికి మళ్లీ రాలేదు. దారిలో కనబడితే నా ముఖం వైపు చూసేవాడు కాదు.

ఉన్నోడు ఎట్లనన్న ఉంటడు, లేనోనికే అన్నీ సర్దాలె అని ఆమె అంటుండేది. వాడలో పటాలానికి పోయే పిల్లలు, దూరం పనికి పోయేవాళ్లు ఆమె దగ్గరికి వచ్చేవారు. "పేరు ఎవలది రాసినవ్?" అని మొదట అడిగేది. మూడు దినాల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

నా ఇంటామె పోయి ఆరేళ్లయింది. బిడ్డ, అల్లుడు మా దగ్గరే ఉంటున్నారు. వదిన పోయేనాటికి నడక మానేసి నెల రోజులైంది. అరుగు మీద మంచంలోనే అన్నీ. ఆ బుధవారానికి ముందు ఆదివారం పొద్దున బిడ్డ నా దగ్గరికి వచ్చింది.

"నాయినా, గేటు కాడ గంప ఎవలు బోర్లిచ్చిండ్రు? నువ్వా?"

వాకిలి సగం సిమెంటు చేయించాం గాని గేటు దగ్గర ఇంకా మట్టే. పాత గంప ఒకటి అక్కడ బోర్లించి ఉంది. నేను కాదు. అల్లుడు కాదు. నేను వదిన మంచం దగ్గరికి పోయాను. "చాయ్ తాగుతవా వదినె?" అన్నాను. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. నా లోపల నుంచి గేటు వైపు చూస్తున్నట్టు చూసింది. బిడ్డ, "పెద్దమ్మకు చెవులు వినబడుత లేనట్టున్నయి," అని డాక్టరును పిలిపించింది. వయసు అన్నాడు ఆయన. నేను నా గదిలోకి పోతే కాగితాల మూట నా దిండు మీద ఉంది.

అప్పుడు తెలిసింది. బిడ్డతో, "ఇయ్యాల వాకిలి ఊడ్వకు," అన్నాను. ఎందుకని అడగలేదు.

ఆ మూడు రోజులు నేను ఆమె నేర్పినట్టే ఉన్నాను. మంచం పక్కనుంచి పోయాను, చూడలేదు. పాలు తాగించడం, బట్టలు మార్చడం బిడ్డే చేసింది. మంగళవారం ఆమెకు కనబడేచోట కూర్చొని మూట విప్పాను. "పసుపుది భూమిది," అని పైకి అన్నాను. "మసిది పింఛనుది." అన్నీ తీశాక అడుగున ఒక కార్డు మిగిలింది. గుర్తు ఏమీ లేదు. అక్షరాలు మాసిపోయాయి, నా కంటికి ఆనలేదు. దేనిదో తెలియక అలవాటు కొద్దీ తలెత్తి ఆమె వైపు చూశాను. ఆమె మెల్లగా ముఖం గోడ వైపు తిప్పుకున్నది. అరవై ఏళ్ల కింద నా ఇంటామె తిప్పుకున్నట్టే.

అద్దాలు తెచ్చుకొని వెలుతురులో పట్టుకున్నాను. నా రాతే. "వదినెకు నమస్కారాలు. నీ పేరు కొట్టేయించినాను. ఫికర్ చేయవద్దు." అంతే ఉంది. చదివి మళ్లీ మూటలో పెట్టి, నా చేత్తో ముడి వేశాను. అంతా చూసుకున్నాం వదినె అని అనలేదు. అనకూడదు కదా.

బుధవారం పొద్దున బిడ్డ వాకిలి ఊడుస్తుండగా ఆమె శ్వాస ఆగింది. చీపురు అప్పుడు గంప పక్కనుంచి తిరుగుతున్నది.

పాడె మోసేవాళ్లు గేటు దగ్గర ఒకవైపు ఒరిగి గంపను తప్పించి నడిచారు. ఎవరూ చెప్పలేదు, తప్పించారు. దినాలు అయిపోయాయి. నిన్న బిడ్డ వంగి గంప అంచు మీద చెయ్యి వేసి నా వైపు చూసింది.

"తియ్యాల్నా నాయినా?"

"ఉండనీ," అన్నాను.

ఎత్తితే కింద అడుగు ఉంటే ఒక భయం, లేకపోతే ఇంకొక భయం. ఇది రాస్తుంటే తొలి వాన మొదలైంది. వాకిలి మట్టి అంతా నల్లబడుతున్నది. గంప మీద చినుకుల చప్పుడు నేను కూర్చున్న చోటికి వినబడుతున్నది. దాని కింద అంత మేర నేల పొడిగానే ఉండి ఉంటుంది.